పైసలు ఎవరియి, పెత్తనం ఎవరిది?

కామారెడ్డిలో ఉండే మామ స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో మేనేజర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎల్లారెడ్డిలో ఉండే మేనల్లుడు ఎం.కాం. చదివి జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాడు, పోచారం కాలువ కింద ఉన్న కాస్త పొలం చూసుకుంటాడు. అతన్ని చదివించింది వాళ్లమ్మ చుట్టిన బీడీలు. ఇద్దరికీ లెక్కలు వచ్చు, ఇద్దరికీ పట్టుదల ఎక్కువ. కామారెడ్డిలో ఒక పెళ్లి భోజనాలయ్యాక మొదలైన వాదన ఇది. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నోరు ఊరుకోని చోట నా మాట కూడా ఉంటుంది.

అల్లుడు: మామా, జపాన్ సుమిటోమో మిత్సుయి వాళ్లు వచ్చి మన యెస్ బ్యాంకుల 24 శాతం దాకా వాటా తీసుకున్నరు కదా. మొన్న క్లాసుల ఒక పిల్లగాడు లేచి, “సార్, అది ట్రస్టు బ్యాంకట. ట్రస్టంటే ధర్మసంస్థ కదా, వాళ్లకు వాటాలెందుకు?” అన్నడు. ధర్మం చేసేటోళ్లు వేల కోట్లు పెట్టి వాటాలు కొనరు, కూసో అన్న.

మామ: పిల్లగానికి సగమే చెప్పినవ్. 2025ల యెస్ బ్యాంకు వాటా కొన్నది సుమిటోమో మిత్సుయి బ్యాంకింగ్ కార్పొరేషన్. సుమిటోమో మిత్సుయి ట్రస్ట్ గ్రూపు ఇంకోటి. ఇంటిపేరు ఒకటే గాని పొయ్యిలు వేరు. షేర్ మార్కెట్ల కూడా వేర్వేరుగ లిస్టయిన గ్రూపులవి.

అల్లుడు: పొయ్యిలు వేరైతే ఇంటిపేరు ఎట్ల కలిసింది?

మామ: పాత సేట్ల పేర్లవి. మిత్సుయి ఇంటోళ్లు 1673ల ఎడో నగరంల, అంటే ఇప్పటి టోక్యోల, బట్టల దుకాణం పెట్టిన్రు. ఆ వెంబడే పైసల మారకం. సుమిటోమో ఇంటోళ్లది రాగి వ్యాపారం, 1691 నుంచి బెస్షి గని తవ్విన్రు. పోయిన శతాబ్దం మొదలయ్యే సరికి ఇద్దరి చేతుల్ల గనులు, మిల్లులు, బ్యాంకులు. రెండో ప్రపంచ యుద్ధం ఓడినంక అమెరికా వాళ్లు ఆ జమీందారీ వ్యాపారాలను ముక్కలు చేసిన్రు. ఆ ముక్కలు యాభై అరవై ఏండ్లకు మళ్లా అతుక్కున్నయి. మామూలు బ్యాంకులు 2001ల కలిసినయి, ట్రస్టు బ్యాంకులు 2011ల.

అల్లుడు: ఏం తేడా రెండింటికీ? పైసలు తీసుకునుడు, అప్పులిచ్చుడు. బ్యాంకు ఎక్కడైనా బ్యాంకే.

మామ: అక్కడే ఉన్నది కిటుకు. నువ్వు బ్యాంకుల డిపాజిట్ చేస్తే ఆ పైసలు బ్యాంకువి అయిపోతయి. నీకు మిగిలేది బ్యాంకు నీకు బాకీ అన్న కాగితం. బ్యాంకు మునిగితే మన దేశంల 5 లక్షల దాకా బీమా ఉన్నది, ఆ పైన దేవుడు. ట్రస్టు అట్ల కాదు. ఆస్తి అప్పజెప్పేటోడు ఒకడు, దాన్ని పట్టుకొని చూసే ట్రస్టీ ఒకడు, ఫలం అందుకునేటోడు ఒకడు. ట్రస్టీ పేరు మీద ఉంటది గాని ట్రస్టీది కాదు. ట్రస్టీ దివాలా తీసినా అప్పులోళ్లు ఆ ఆస్తిని ముట్టలేరు. ఒకే బిల్డింగుల, ఒకే కౌంటర్ల ఈ రెండు పనులూ చేసేదే జపాన్ ట్రస్టు బ్యాంకు. మన దగ్గర 1882 నుంచి ట్రస్టుల చట్టమున్నది, ట్రస్టీ కంపెనీలు కూడా ఉన్నయి. గాని ట్రస్టు బ్యాంకు అన్న జాతి మాత్రం లేదు.

అల్లుడు: అంత మంచిదైతే మనోళ్లు ఎందుకు పెట్టలేదు?

మామ: జపాన్‌ల కూడా మంచిగ మొదలు కాలేదు. వందేండ్ల కింద అక్కడ గల్లీకో ట్రస్టు కంపెనీ. పేరు ట్రస్టు, పని వడ్డీ వ్యాపారం. జనం మునిగితే 1922ల సర్కారు రెండు చట్టాలు తెచ్చింది, ఒకటి ట్రస్టుకు, ఒకటి ట్రస్టు వ్యాపారానికి. పెట్టుబడి లేనోళ్లంతా దుకాణం ఎత్తేసిన్రు. 1924ల మిత్సుయి ట్రస్టు, 1925ల సుమిటోమో ట్రస్టు పుట్టినయి. యుద్ధం తర్వాత 1948ల వాటికి బ్యాంకు లైసెన్సు కలిపి ట్రస్టు బ్యాంకులు చేసిన్రు. 1952ల లోన్ ట్రస్టు అని ఇంకో చట్టం. ఇంటి ఆడోళ్లు దాచుకున్న పైసలు మూట కట్టి ఏండ్ల తరబడి కరెంటు కంపెనీలకు, ఉక్కు కంపెనీలకు పంపిన్రు. జపాన్ లేచి నిలబడ్డదంటే ఆ చిల్లర పైసల మీద కూడా నిలబడ్డది.

మామ ఇక్కడ కాస్త గొంతు పెంచాడు. బ్యాంకులో పనిచేసిన వాళ్లకు డిపాజిట్ల కథ చెబుతుంటే వచ్చే ఉత్సాహమే వేరు. నేను కల్పించుకుని, ఇప్పుడా గ్రూపు లోపల ఏముంటుంది మామా అన్నాను.

మామ: పైన ఒక హోల్డింగ్ కంపెనీ. దాని కింద అసలు ట్రస్టు బ్యాంకు. పక్కన మ్యూచువల్ ఫండ్ కంపెనీలు, లీజింగ్, ఇండ్లు భూముల అమ్మకాల కంపెనీ. ట్రస్టు బ్యాంకు చేసే పనులు వింటే నవ్వొస్తది. కార్మికుల పింఛన్ ఫండ్లు చూస్తది. ముసలోళ్ల వీలునామా దాచిపెట్టి, పోయినంక అమలు చేస్తది. కంపెనీలకు వాటాదారుల రిజిస్టర్ రాస్తది. మన హైదరాబాద్‌ల కేఫిన్ టెక్నాలజీస్ చేసే పనే అనుకో. కస్టడీ బ్యాంకు అని ఇంకోటున్నది, వేరే బ్యాంకులతో కలిసి పెట్టిన్రు. జపాన్‌ల పెద్ద కంపెనీ ఏదైనా తీసుకో, వాటాదారుల జాబితాల పైన కనిపించే రెండు పేర్లల్ల కస్టడీ బ్యాంక్ ఆఫ్ జపాన్ ఒకటి ఉంటది. ఆ వాటాలు దానివి కావు. వెనక పింఛన్లు, ఫండ్లు, లక్షల మంది ఉంటరు.

అల్లుడు: అంటే కంపెనీ మీటింగుల చెయ్యెత్తేది ఎవరు? ఆ లక్షల మందా, వాళ్ల పేరు మీద కూసున్నోళ్లా?

మామ: ఎత్తేది ట్రస్టీ. వాళ్ల మేలు కోసమే ఎత్తాలె, అది చట్టం.

అల్లుడు: చట్టం సంగతి నేను చెప్త విను. నువ్వు చెప్పిన గ్రూపుల ఒక ముక్క చువో మిత్సుయి అసెట్ ట్రస్టు. అందుల ఫండు చూసేటోడు ఇన్‌పెక్స్ అనే చమురు కంపెనీ కొత్త షేర్ల సంగతి ముందే తెలుసుకొని షేర్లు అమ్మిండు. 2012ల పట్టుకున్నరు. జుర్మానా ఎంతో తెలుసా? 50 వేల యెన్లు. అప్పటి లెక్కల మన 30 వేల రూపాయలు. ట్రాక్టర్ మీద ఇసుక తోలేటోనికి ఇంతకన్న ఎక్కువ వేస్తరు. 2024ల అదే గ్రూపు ట్రస్టు బ్యాంకుల మళ్లా ఒక మేనేజర్ ఇదే పని చేసి దొరికిండు.

మామ: దొరికిండు కదా. ఖాతాదారుల సొత్తు పోయిందా? ఒక్క యెన్ పోలేదు. అది వేరే పెట్టెల ఉన్నది కాబట్టి. నేను చెప్పేదే అది. మనుషులు చెడ్డోళ్లు ఉంటరు, పెట్టె గట్టిగ ఉండాలె.

అల్లుడు: 1990లల్ల ఆ పెట్టెలు చూసిన్రు కదా. భూముల ధరలు పడిపోతే ట్రస్టు బ్యాంకులు కూడా రాని బాకీలల్ల మునిగినయి. హౌసింగ్ అప్పుల కంపెనీలు కూలితే పన్ను కట్టేటోళ్ల సొమ్ము పోసిన్రు. 1997ల హొక్కైడో తకుషొకు బ్యాంకు మూతపడితే దాని హోన్షు శాఖలను చువో ట్రస్టు నెత్తిన పెట్టిన్రు. చువో ట్రస్టు పోయి 2000ల మిత్సుయి ట్రస్టుతోని కలిసింది. ఆ జోడీకి సర్కారు పెట్టుబడి కావలసి వచ్చింది. 2011ల సుమిటోమో ట్రస్టు వచ్చి కలిసింది, 2012ల బ్యాంకులన్నీ ఒకటైనయి. మొత్తం కథ చూస్తే బలమున్నోడు ఇంకో బలమున్నోన్ని కలుపుకున్నట్టు లేదు. ఒకరి మీద ఒకరు ఒరిగినట్టున్నది.

మామ: ఒరిగినా నిలబడ్డరు. నిలబడుడే బ్యాంకుకు గొప్ప.

ఇక్కడిదాకా మామ పైచేయి. అల్లుడు వేలు జపాన్ నుంచి తీసి మన మంజీర నది మీద పెట్టాడు. నాకు అసలు సంగతి ఇక్కడే మొదలైందనిపిస్తుంది.

అల్లుడు: జపాన్‌ల మిత్సుయి ట్రస్టు 1924ల పుట్టింది అన్నవు. మన దగ్గర 1929ల పుట్టింది, నువ్వెన్నడూ చెప్పలేదు. హైదరాబాద్ సర్కారు కోటి రూపాయలు పక్కకు తీసి ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. ఆర్థిక మంత్రి అక్బర్ హైదరీ. ఆ ఫండు సర్కారు తరఫున వాటాలు కొన్నది, అప్పులిచ్చింది. వరంగల్‌ల ఆజంజాహి మిల్లు, బోధన్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ, సిర్పూర్‌ల కాగితం మిల్లు, అన్నిట్ల ఆ ఫండు చెయ్యి ఉన్నది. 1949 నుంచి సింగరేణి బొగ్గు గనుల మేనేజింగ్ ఏజెంట్ కూడా అదే.

మామ: అది గొప్పే కదరా! పెట్టుబడి దొరకని కాలంల ఒక దేశీ సంస్థానం ఆ పని చేసింది. పరిశ్రమ పెడతాననేటోనికి మార్వాడీ వడ్డీ తప్ప దిక్కు లేదు అప్పుడు.

అల్లుడు: గొప్పదే. ఆ కోటి ఎక్కడిది? శిస్తు. రైతు కట్టింది. జపాన్‌ల ఆడామె తన పైసలు తానే తీసుకపోయి ట్రస్టు కౌంటర్ల ఇచ్చింది, కాగితం తీసుకున్నది. ఇక్కడ ఇచ్చినోడు సర్కారే, పట్టుకున్నోడు సర్కారే, ఫలం అందుకున్నోడూ సర్కారే. మూడు కుర్చీలల్ల ఒకడే కూసున్నడు. శిస్తు కట్టినోనికి నాలుగో కుర్చీ లేదు.

మామ: పేరు ట్రస్టు అని పెట్టుకున్న పెట్టుబడి సంస్థ అది. నువ్వు జపాన్ తూకంతోని తూస్తే ఎట్ల?

అల్లుడు: నీ తూకంతోనే తూస్తున్న మామా. బోధన్‌ల చెరకు ఎట్ల పండింది? నిజాంసాగర్ నీళ్లతోని. నిజాంసాగర్ ఎక్కడ? మా ఎల్లారెడ్డి పక్కనే, అచ్చంపేట దగ్గర మంజీర మీద. 1923ల మొదలుపెట్టి 1931ల పూర్తి చేసిన్రు, అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజినీరు. కట్ట మా దిక్కు, కాలువ బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ దిక్కు. మాది ఎగువ. వాన గట్టిగ పడితే వెనక నీళ్లు నాగిరెడ్డిపేట చేన్లల్లకు వస్తయి. మాకు దక్కింది 1922ల అయిపోయిన చిన్న పోచారం చెరువు. మంజీర పక్కనుంటం, బోర్లు వేసుకుంటం. ఆ నీళ్లతోని చెరకు, ఆ చెరకుతోని ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీల ఫండు వాటా. ఎల్లారెడ్డి రైతు పేరు ఏ కాగితంల ఉన్నది?

మామ కాసేపు తాంబూలం నములుతూ కూర్చున్నాడు. ఆయన ఊరు కామారెడ్డి. కామారెడ్డి రైతుకు ఫ్యాక్టరీతో పెద్దగా పని పడలేదు. చెరకు గానుగ ఆడించి, పెనంలో పాకం కాచి, దిమ్మలు పోసి మార్కెట్‌కు తెస్తే ఆడతి దుకాణమే అతని బ్యాంకు. ఆ దిమ్మల మీదే ఊరు వ్యాపారంలో పేరు తెచ్చుకుంది. సారా బట్టీలకు నల్లబెల్లం పోతుందని ఎక్సైజు దాడులు మొదలయ్యాక ఆ సందడి పడిపోయింది. బెల్లం వ్యాపారం ఏ ట్రస్టూ లేకుండా పెరిగింది, ఏ ట్రస్టూ ఆదుకోకుండా తగ్గింది. ఈ ముక్క ఇద్దరిలో ఎవరూ అనలేదు, నేనే అంటున్నాను.

మామ: సరే, ఆ ఫండు పెట్టిన కొమ్మలన్నీ ఎండినయా? సింగరేణి 1956ల ఆంధ్రప్రదేశ్ చేతికి వచ్చింది. ఇప్పుడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49. ఇయ్యాల్టికీ బొగ్గు తీస్తున్నది, జీతాలిస్తున్నది.

అల్లుడు: బోధన్ సంగతి చెప్పవేంది? 2002ల నిజాం షుగర్స్ 51 శాతం ప్రైవేటుకు ఇచ్చిన్రు. 2015 డిసెంబర్‌ల లే-ఆఫ్ పెట్టి తాళం వేసిన్రు. ఆజంజాహి మిల్లు ఎన్టీసీ అనే కేంద్రం బట్టల సంస్థ చేతికి పోయి అక్కడే ప్రాణం విడిచింది. సిర్పూర్ 2014ల ఆగిపోయి, 2018ల వేరే యాజమాన్యం కింద లేచింది. ఒకే తల్లి పిల్లలు. బొగ్గు బతికింది, చక్కెర పోయింది. ఎవరు బతకాలె, ఎవరు పోవాలె అన్నది ఎవరో ఎక్కడో కూసుండి రాసిన్రు. చెరకు రైతును ఒక్క మాట అడగలేదు. జపాన్ చట్టంల ట్రస్టీ సొత్తు అమ్ముకుంటే లబ్ధిదారు కోర్టుకు పోవచ్చు. ఇక్కడ లబ్ధిదారే లేడు కదా, ఎవడు పోవాలె?

మామ: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. గాని దానికి మందు సంస్థలను చిన్నగ చేసుడు కాదు.

అల్లుడు: చిన్నదనం అనలేదు నేను. దగ్గరదనం అంటున్న. నీ బ్యాంకు సంగతే చూడు.

మామ: నా బ్యాంకు జోలికి రాకు.

అని ఆయనే మొదలుపెట్టాడు. పది నిమిషాలు ఆగలేదు. సారాంశం మాత్రమే రాస్తాను: 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ చట్టం వచ్చింది. 1942 ఏప్రిల్‌లో గన్‌ఫౌండ్రీలో బ్యాంకు తలుపులు తెరిచింది. సంస్థానం నాణెం ఉస్మానియా సిక్కా నిర్వహణ దాని చేతిలోనే. పాత తరం వాళ్లు సంస్థానం రూపాయిని హాలీ, ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అని లెక్క చెప్పేవాళ్లు: ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. 1953 నుంచి రిజర్వు బ్యాంకుకు ఏజెంటుగా పనిచేసింది. 1956లో హైదరాబాద్ రాష్ట్రం చీలి మూడు రాష్ట్రాల్లో కలిసింది. బ్యాంకు చీలలేదు, పేరు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మార్చుకుని రిజర్వు బ్యాంకు కిందికి వెళ్లింది. మరాఠ్వాడాలో, కర్ణాటక జిల్లాల్లో దాని శాఖలు అందుకే ఉండేవి. 1959లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ బ్యాంకు అయింది. 2017 ఏప్రిల్ 1న అందులో కలిసిపోయింది.

అల్లుడు: అంటే 1959 నుంచి 2017 దాకా నీది కూడా జపాన్ లెక్కనే గ్రూపు. పైన పెద్ద బ్యాంకు, కింద పిల్ల బ్యాంకులు. పిల్ల బ్యాంకుకు సొంత బోర్డు, సొంత ఎండీ, హైదరాబాద్‌ల హెడ్డాఫీసు. కామారెడ్డి బెల్లం వ్యాపారికి లోన్ ఎందుకియ్యాలెనో హైదరాబాద్‌ల కూసున్నోనికి తెలుసు. కలిసినంక పెద్ద కాగితం ముంబై పోతది. ఆంధ్రా బ్యాంకు కూడా అంతే. 1923ల భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంల పెట్టిన బ్యాంకు, 2020ల యూనియన్ బ్యాంకుల కలిసింది. దాని హెడ్డాఫీసూ ముంబైనే. ఇయ్యాల రెండు తెలుగు రాష్ట్రాల్ల హెడ్డాఫీసు ఉన్న జాతీయ బ్యాంకు ఒక్కటి లేదు.

మామ: చిన్న లోన్‌కు ముంబై ఎందుకురా? సర్కిల్ ఆఫీసు హైదరాబాద్‌లనే ఉన్నది. నువ్వు హెడ్డాఫీసు చూస్తున్నవ్, నేను బలం చూస్తున్న. పిల్ల బ్యాంకుల ఒక పెద్ద కంపెనీ బాకీ ఎగ్గొడితే ఆ ఏడాది లాభమంత పోతది. పెద్ద బ్యాంకుల అది ఒక వాన చినుకు.

అల్లుడు: పెద్ద కంపెనీకి పెద్ద బ్యాంకు కావాలె, ఒప్పుకుంట. ఎల్లారెడ్డికి ఏం కావాలె? 1975ల ఎం. నరసింహం కమిటీ అదే అడిగింది. పల్లెకు వేరే బ్యాంకు కావాలె, పల్లె సంగతి ఎరిగినది కావాలె అన్నది. మన నిజామాబాద్‌కు శ్రీరామ గ్రామీణ బ్యాంకు అట్లనే వచ్చింది, నీ బ్యాంకే స్పాన్సరు. 2006ల దాన్ని గోల్కొండ, శ్రీసరస్వతి, శ్రీశాతవాహనతోని కలిపి దక్కన్ గ్రామీణ బ్యాంకు చేసిన్రు. 2014ల పేరు మార్చి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అన్నరు. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలన్నీ అందుల కలిపిన్రు, ఇప్పుడు 928 శాఖలు. జిల్లా బ్యాంకు రాష్ట్ర బ్యాంకయింది. ఇంకో ఇరవై ఏండ్లకు దేశానికంతా ఒకటే గ్రామీణ బ్యాంకు అయితదేమో!

మామ: తమాషా ఏందంటే, 1998ల బలమైన బ్యాంకులను కలపాలె అని చెప్పిన కమిటీకి కూడా అదే నరసింహం అధ్యక్షుడు. ఆయన తెలుగాయనే, రిజర్వు బ్యాంకు గవర్నర్ చేసినోడు. చిన్నదీ కావాలె, పెద్దదీ కావాలె అన్నడు. మనం ఆయన చెప్పిన రెండో మాట వింటున్నం.

అల్లుడు: మొదటిది మర్చిపోయినం. గ్రామీణ బ్యాంకు వాటాలు చూడు: కేంద్రానికి 50, రాష్ట్రానికి 15, స్పాన్సర్ బ్యాంకుకు 35. వంద అయిపోయింది. పైసలు పెట్టినోనికి ఎంత?

మామ: ఏ బ్యాంకుల డిపాజిటర్‌కు వాటా ఉన్నదిరా?

అల్లుడు: సహకార సంఘంల ఉంటది. స్త్రీనిధిల ఉంటది. 2011ల పెట్టిన్రు. ఊళ్ల సంఘాలు కలిస్తే గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిస్తే మండల సమాఖ్య, సమాఖ్యలే స్త్రీనిధిల వాటాదార్లు, సర్కారు వాటా పక్కన. మా ఇంటామె సంఘంల పొదుపు చేస్తది, మీటింగుల అడుగుతది, పుస్తకం తెరువుమంటది. నీ జపాన్ గ్రూపు పైనుంచి కిందికి కట్టింది, ఇది కిందినుంచి పైకి కట్టింది.

మామ: సొసైటీ ఎన్నికలు నువ్వు చూడలేదా? పార్టీ జెండాలు లేకుండ ఒక్క డైరెక్టర్ గెలుస్తడా? తెలిసినోడే చైర్మన్ అయితే తెలిసినోనికే లోన్. దగ్గరదనం అంటే మొహమాటం కూడా. నాలుగూర్లల్ల మేనేజర్‌గ చేసిన, నాకు చెప్పకు. మొహం తెల్వనోడే సరిగ్గ లెక్క చూస్తడు. అందుకే దూరపు ట్రస్టీ మంచోడంట.

అల్లుడు: సరే మామా, దూరపు ట్రస్టీ సంగతే. మా అమ్మ ట్రస్టీ సంగతి.

పెళ్లింట్లో చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఇప్పుడు ఇటు తిరిగారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బీడీ చాట లేని వాడ వెతకాలి. రాత్రి తునికాకు నానబెట్టి, పొద్దున కత్తెరతో కొలత ప్రకారం కోసి, చాట ఒళ్లో పెట్టుకుని చిటికెడు తంబాకు వేసి చుట్టి, మొన మడిచి, దారం కట్టి, సాయంత్రానికి కట్టలు కార్ఖానాకు చేరాలి. వెయ్యికి ఇంత అని లెక్క. అందులోంచి పీఎఫ్ కోత. జపాన్ ట్రస్టు బ్యాంకులకు అన్నం పెట్టే పింఛన్ ఫండు లాంటిది మన పల్లెలో ఏదైనా ఉందంటే అది ఈ పీఎఫ్ ఖాతాయే.

అల్లుడు: బీడీ పరిశ్రమకు పీఎఫ్ 1977ల వచ్చింది. మిగతా చాన చోట్ల కోత 12 శాతం, బీడీకి 10. అమ్మ పది, కంపెనీ పది. ఆ పైసలు చూసేది సెంట్రల్ బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్. పేర్లనే ట్రస్టు ఉన్నది. ఆ బోర్డుల కేంద్ర కార్మిక మంత్రి అధ్యక్షుడు. కేంద్రం ఆఫీసర్లు అయిదుగురు, రాష్ట్రాల మనుషులు పదిహేను మంది, యజమానులు పది మంది, కార్మికులు పది మంది. ఆ పది మందిని కూడ సంఘాలను అడిగి కేంద్రమే నియమిస్తది. దేశంల కోట్ల మంది చందాదార్లకు పది కుర్చీలు. అందుల ఒక బీడీ చుట్టే ఆడామె ఎన్నడన్న కూసున్నదో నువ్వే చెప్పు.

మామ: కూసున్నదో లేదో తెల్వదు. పైసలు మాత్రం ఉన్నయి. 2024-25కు 8.25 శాతం వడ్డీ వేసిన్రు, నా బ్యాంకు ఎఫ్‌డీ కన్న ఎక్కువ. నేను చెప్పిన పెట్టె ఇదే. మా అక్క పని చేసిన కార్ఖానా మూడు సార్లు చేతులు మారింది. సేటు మారినా ఆమె పీఎఫ్ మారలేదు. అదే ఆ సేటు దగ్గర దాచుకుంటే? ఊరి చిట్టీల వేస్తే? దూరపు ట్రస్టీ కాపాడలేదా?

అల్లుడు: కాపాడింది. తీసుకోబోతే రాలేదు. కార్ఖానా మున్షీ పుస్తకంల అమ్మ ఇంటిపేరు పుట్టింటిది రాసిండు, ఆధార్‌ల అత్తింటిది ఉన్నది. పుట్టిన తేదీ ఎవరి అందాజ ప్రకారం వాళ్లు రాసుకున్నరు. పెట్టె గట్టిదే మామా, తాళంచెవి మీద పేరు తప్పున్నది. రాష్ట్రం ఇచ్చే బీడీ కార్మికుల జీవనభృతికి కూడ పీఎఫ్ నంబరే ఆధారం. ఆ నంబరు సరిగ్గ లేక ఆగిపోయినోళ్లు మా వాడల ఎందరున్నరో నీకు లెక్క చెప్పనా?

మామ: అది ట్రస్టు తప్పు కాదు, రాసినోని తప్పు.

అల్లుడు: రాసినోన్ని అడిగే హక్కు ఎవరికుండాలె? పైసలు ఎవరియో వాళ్లకు. జపాన్‌ల ట్రస్టు బ్యాంకు ఏటా లెక్క కాగితం ఇంటికి పంపుతది, ఆడామె చదువుకుంటది. మా అమ్మ పేరు మీద ఏముందో మా అమ్మకు తెల్వదు. నేను ఎం.కాం. చదివినంక తెలిసింది.

మామ: మరి చదివినోనివి నువ్వు ఎప్పుడు సరి చేయించినవ్?

అల్లుడు జవాబు చెప్పలేదు. లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. అప్పటికే కడుక్కున్న చెయ్యి అది.

నా తీర్పు అడిగితే చెబుతాను. సొమ్ము భద్రంగా ఉంచే విషయంలో మామ గెలిచాడు. వేరే పెట్టె, చట్టం కాపలా, దూరపు ట్రస్టీ లేకపోతే బీడీ కట్టల కూలి సేట్ల చేతుల్లోనే కరిగిపోయేది. పెత్తనం విషయంలో అల్లుడు గెలిచాడు. 1929 ఫండు నుంచి 2025 గ్రామీణ బ్యాంకు దాకా మన దగ్గర పైనుంచి ఏ గ్రూపు కట్టినా, సొమ్ము కట్టినవాడికి అందులో కుర్చీ వేయలేదు. ట్రస్టీల బోర్డులో ఆ పది కుర్చీలు పెరగాలని, అందులో అసంఘటిత ఆడకూలీలకు చోటుండాలని అడగడం కార్మిక సంఘాల పని.

అంతవరకూ ఆగలేని పని ఒకటుంది. ఇంట్లో బీడీలు చుట్టే అమ్మో, అత్తో, అక్కో ఉన్నవాళ్లు ఈ వారం వాళ్ల పీఎఫ్ నంబరు, అంటే యూఏఎన్, అడగండి. పీఎఫ్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలిశాయో లేదో చూడండి. నామినీ నమోదైందో లేదో చూడండి. కాకపోతే ఈ-నామినేషన్ ఫోన్‌లోనే చేయొచ్చు, దానికి రుసుము లేదు. పేరు తప్పుంటే దిద్దడానికి కార్ఖానా సంతకం కావలసి రావచ్చు. కాబట్టి కార్ఖానా తెరిచి ఉన్నప్పుడే ఆ పని చేయించండి.